వస పాదులో నూకలు

మొన్న పొద్దున కుళాయి దగ్గర ముఖం కడుక్కుంటుంటే, పక్కన సిమెంటు తొట్టిలో వస మొక్క కాస్త ఒరిగినట్టు కనిపించింది. ఒంగి చూశాను. మట్టి కదిలి ఉంది. పిల్లి తవ్వితే మట్టి బయటికి చిమ్ముతుంది. ఎలుక తవ్వితే కన్నం మిగులుతుంది. ఇక్కడ తవ్వి, మళ్ళీ పూడ్చి, అరచేత్తో అదిమారు. ఇది మనిషి పని.

జగదల్‌పూర్‌లో మా ఇంటి గేటుకు రాత్రి తాళం వేస్తాం. అంటే తవ్వింది తాళానికి లోపల ఉన్నవాళ్ళైనా కావాలి, తాళం తీశాక పొద్దున్నే వచ్చినవాళ్ళైనా కావాలి. మేడ మీద చంటిపిల్లతో కొత్తగా అద్దెకు దిగిన జంట ఉన్నారు. పాలవాడు వస్తాడు. ముందురోజు మా ఆడపడుచు వచ్చి, "వదినా, నీ వస భలే గుబురుగా పెరిగిందే" అని రెండుసార్లు అంది. మొక్కను ఒకసారి మెచ్చుకుంటే మర్యాద. రెండోసారి మెచ్చుకుంటే నాకు అనుమానం.

తొట్టి చుట్టూ వెతకడం మొదలుపెట్టాను. మా ఆయన పళ్ళు తోముకుంటూనే అడిగాడు.

"ఏంది ఎతుకుతున్నవ్?"

"నూకలు."

"తొట్లో నూకలెందుకుంటయ్?"

"వస పోయింది. నూకలు లేవు. అందుకే ఎతుకుతున్న."

ఆయన నా వైపు జాలిగా చూసి లోపలికి వెళ్ళిపోయాడు. ఆయన పుట్టింది, పెరిగింది ఈ పట్నంలోనే. నూకల సంగతి ఆయనకు తెలియదు.

నేను పెరిగిన ఊరు చింతలనార్ దాటి ఇంకా లోపలికి పోతే వస్తుంది. పేరు రాయను. ఆ పేరుతో ఇప్పుడున్నది మేం వదిలి వచ్చిన ఊరు కాదని చూసి వచ్చినవాళ్ళు చెప్పారు. వాళ్ళ మాట పూర్తిగా నమ్మలేదు గాని, వెళ్ళి చూసే ధైర్యమూ చేయలేదు. అప్పట్లో అది పెద్ద సంత ఊరు. కొంటా నుంచి బండ్ల మీద ఉప్పు దిగేది. అడవి వైపు నుంచి కావళ్ళలో ఇప్పపువ్వు, చింతపండు, సారపప్పు తీసే చారగింజలు వచ్చేవి. సంతరోజు మా కొట్టు ముందు నిలబడితే గాలి ఒకవైపు నుంచి ఇప్పపువ్వు తీపినీ, ఇంకోవైపు నుంచి ఎండుచేపల ఘాటునూ మోసుకొచ్చేది. దోర్లి, గోండి, హిందీ, తెలుగు నాలుగూ ఒకే తక్కెడ చుట్టూ పోట్లాడుకునేవి.

ఊళ్ళో బడి ఉండేది. మాస్టారు ఉండేవాడు కాదు. అందుకని నాకు లెక్కలు నాన్న తక్కెడ దగ్గరే వచ్చాయి. ఒక తట్టలో ఉప్పు పోసి, రెండో తట్టలో చారగింజలు పోయించుకునేవాడు నాన్న. ఏ వస్తువు చూసినా దాని పక్కన ఇంకో వస్తువు పెట్టి చూసే అలవాటు నాకు అక్కడే పట్టుకుంది. ఉప్పుకు చారగింజలు సరిజోడు ఎలా అవుతాయని ఒకసారి అడిగితే, నాన్న నా నోట్లో బెల్లం ముక్క పెట్టి కొట్టు వెనక్కి పంపించాడు. బెల్లం తిన్నాను గాని, ఆ అనుమానం మాత్రం కరగలేదు.

మా ఇంట్లో అనుమానానికి పెద్ద దిక్కు నాయనమ్మ. ఆమె గోదావరి ఒడ్డు మనిషి. భద్రాచలం వైపు నుంచి ఈ అడవిలోకి కాపురానికి వచ్చేటప్పుడు తడిగుడ్డలో వస దుంప చుట్టి, ఒళ్ళో పెట్టుకుని తెచ్చిందట. "నగలు మీ తాత పెట్టెల పెట్టిన. దీన్ని మాత్రం ఎవరి చేతికీ ఇయ్యలే" అనేది. పాలు పోయించుకునేటప్పుడు గిన్నెలో వేలు ముంచి చూసేది. బియ్యం కొలిచినవాళ్ళ అరచేతులు తిప్పి చూసేది. దేవుడికి దీపం పెట్టి, వంటింటి దాకా నడిచి, చటుక్కున వెనక్కి తిరిగి చూసేది, ఆయన ఏం చేస్తున్నాడోనని.

ఆ దుంప పెరట్లో స్నానాల తడిక వెనుక, నీళ్ళు పారే చోట పాతుకుంది. వసకు కాళ్ళు ఎప్పుడూ తడిగా ఉండాలి. కత్తుల్లాంటి పొడవాటి ఆకులు. ఎండాకాలం ఆకు పండినా దుంప చావదు, తొలకరికి మళ్ళీ లేస్తుంది. ఆకు నలిపితే నారింజ తొక్కనూ తడిమట్టినీ కలిపి నూరినట్టు వాసన. నా చిన్నప్పటి ఇల్లు గుర్తొస్తే ముందు ఆ వాసనే వస్తుంది, తర్వాతే మనుషులు వస్తారు. ఎండిన ముక్క బియ్యం కుండలో వేస్తే పురుగు పట్టేది కాదు. మా కడుపునొప్పికీ అదే, మా దగ్గుకూ అదే.

అన్నిటికన్నా ముఖ్యంగా అది మా తమ్ముడి మందు. వాడు నడిచాడు, పరిగెత్తాడు, గోడలెక్కాడు, నా జడ పట్టుకుని ఊగాడు. మాట మాత్రం రాలేదు. వాడి ఈడు పిల్లలు సంతలో బేరాలకు అడ్డం పడుతుంటే, వీడు వేలు చూపించి "ఊఁ" అనేవాడు. రోజూ పొద్దున నాయనమ్మ వసకొమ్మును ఆముదం దీపం మీద కాల్చి, సాన మీద అరగదీసి, ఆ గంధాన్ని తేనెలో వేలికొనతో రంగరించి వాడి నాలుకకు రాసేది. వాడు మొహం ముడిచి ఉమ్మబోయేవాడు. నేను మిగిలిన తేనె కోసం సాన నాకబోతే చేయి మీద ఒకటి వేసేది.

"నీకెందుకే? నీకు పోసింది ఇంకా దిగలే. వాడి వాటా మాటలు గూడ నువ్వే మాట్లాడుతున్నవ్."

ఒక పొద్దున వస కొమ్ముకు వెళ్ళిన నాయనమ్మ కేక పెట్టింది. అందరం పరిగెత్తాం. పాదులో ఒకచోట మట్టి కొత్తగా అదిమి ఉంది. దాని పక్కన అడ్డాకు ముక్క. ఆకులో చిన్న కుప్పగా నూకలు, వాటి మీద పసుపు.

నాయనమ్మ మొహంలో రక్తం లేదు. "నోరు కట్టిండ్రు" అంది. "పిల్లగాడి మందు మొదట్ల పెట్టి వాడి నోరు కట్టేసిండ్రు. ఇన్నాళ్ళూ నాలుకకు రాసి రాసి నా వేలు అరిగింది. మాటెట్ల వస్తది?"

అమ్మ తమ్ముణ్ణి ఎత్తుకుని గట్టిగా పట్టుకుంది. వాడు ఊపిరాడక తన్నుకున్నాడు. ఆరోజు నుంచి వాడికి వస ఆపేశారు. పాదులోది విషమైపోయింది. ఇంకో పాదు ఆ చుట్టుపక్కల లేదు.

అనుమానం ఎంతో దూరం పోలేదు. కంచె అవతలి ఇంటి దగ్గరే ఆగింది. అక్కడ ఒక దోర్ల తెగ ఆవిడ ఉండేది. మా నాన్న కంటే కొంచెం పెద్దది. కూతురి కూతురు, ఒక పసిబిడ్డ, ఎప్పుడూ ఆమె వీపునే ఉండేది. ఆమె అడవి నుంచి అడ్డాకులు తెచ్చి విస్తళ్ళు కుట్టి మా కొట్టుకు వేసి, ఉప్పు తీసుకుపోయేది. మాట తక్కువ మనిషి. కంచెలో ఒక సందు ఉండేది. మా తమ్ముడు అందులోంచి దూరిపోయి ఆమె వాకిట్లో కూర్చుని జొన్నజావ తాగేవాడు. మా ఇంట్లో నెయ్యి వేసిన అన్నం చూస్తే మొహం తిప్పేవాడికి అక్కడ ఎర్రచీమల పచ్చడి కూడా నచ్చేది.

"జావల ఏం కలుపుతుందో!" అని నాయనమ్మ ఆ సందును రేగుకంపతో మూయించింది. తమ్ముడు కంప ముందు కూర్చుని ఏడ్చాడు. అవతల ఆమె గిన్నె పట్టుకుని కాసేపు నిలబడి లోపలికి పోయింది. కంప ఎందుకని అడగలేదు. అదీ నాయనమ్మకు సాక్ష్యమే. "తప్పు లేనిది అడగదా?"

"వడ్డెను పిలిపించు" అని నాన్న మీద పడింది. వడ్డె అంటే ఆ పల్లెల్లో పూజారి. బియ్యం గింజలు వేసి చూసి, కీడు చేసిందెవరో చెప్తాడు. నాన్న ఆ మాటకు తక్కెడ కింద పెట్టేశాడు.

"అమ్మా, ఆయనొస్తే ఒక పేరు చెప్తడు. పేరు బయటికొచ్చినంక ఆ మనిషికి ఈ ఊర్ల నీళ్ళు పుట్టవు. ఆ పసిదాన్ని ఏసుకుని ఏడికి పోతది?"

"నా మనవడు మూగోడైతే ఏడికి పోతడు?"

నాన్న తక్కెడ మళ్ళీ చేతిలోకి తీసుకున్నాడు. "వచ్చే సంత దాకా ఆగు" అన్నాడు.

ఆ సంత వచ్చేలోపు నూకలు మళ్ళీ కనిపించాయి. నాయనమ్మ చీపురుపుల్లతో వాటిని చేటలోకి నెట్టి వాగులో కలిపేసి, తలస్నానం చేసింది. మళ్ళీ కనిపించాయి. నాకు మాత్రం భయం కంటే ముందు చూపు పనిచేసింది. వద్దన్నకొద్దీ వెళ్ళి చూసేదాన్ని. మొదటిసారివి బియ్యపు నూకలు. తర్వాతివి కొర్రలు. ఆ తర్వాత ఎవరో జొన్నలు పెట్టారు. కంచె అవతలి ఇంట్లో కొర్రలు ఉండవు, ఆమె జావ ఏ గింజదో మా తమ్ముడి మూతి చూస్తే తెలిసిపోయేది. అంటే వచ్చేది ఒకరు కాదు. పైగా మట్టి కొంచెమే కదిలిన చోట గింజలు చిటికెడే. గుంత పెద్దదైన చోట పిడికెడు. అన్నిటికన్నా విచిత్రం, ఇన్నిసార్లు తవ్వినా పాదు తగ్గలేదు. పక్కలకు ఇంకా విస్తరించింది.

నాన్న కొట్టులో ఒంటరిగా ఉన్నప్పుడు చెప్పాను. "నాన్నా, గుంతను బట్టి గింజలు పెడుతున్నరు. చేతబడి చేసేటోళ్ళు కొలుస్తరా?"

నాన్న చేతిలో ఉప్పు పిడికిలి అలాగే ఆగిపోయింది. ఉప్పు మళ్ళీ డబ్బాలో పోసి, "ఈ మాట మీ నాయనమ్మకు చెప్పినవా?" అన్నాడు.

"చెప్పిన. వాగులో కలిపేటివాటిని నువ్వెందుకు ముట్టినవని కొట్టింది."

ఆ సంతరోజు విస్తళ్ళ కట్టతో ఆమె వచ్చింది. వీపున పసిది కాళ్ళు కడుపులోకి ముడుచుకుని సన్నగా ఏడుస్తోంది. నాన్న విస్తళ్ళు చూస్తూనే, మామూలుగా అడుగుతున్నట్టు అడిగాడు.

"అక్కా, మా పెరట్ల వస ఎవరో తీస్తున్నరు. నీకేమన్న ఎరికా?"

ఆమె నేల చూపులు చూసింది. "నేను చెప్ప సావుకారీ."

"ఎందుకు చెప్పవు?"

"చెప్తే పోతది."

గడప వెనుక నాయనమ్మ ఉంది. ఇంకేం కావాలి? "విన్నవా? చెప్తే పోతదట! ఏం పోతది? మంత్రం పోతది!" అంటూ బయటికొచ్చింది. ఉప్పు డబ్బా మూత ధడాలున వేసింది. "దీనికి ఉప్పు కొలిస్తే నేనీ ఇంట్ల ముద్ద ముట్ట."

సంతలో జనం తిరిగి చూశారు. ఆమె విస్తళ్ళ కట్ట నెత్తికెత్తుకుంది. ఉప్పు లేకుండానే వెళ్ళిపోయింది. ఆ చుట్టుపక్కల ఉప్పున్న కొట్టు మాదొక్కటే.

నాయనమ్మ ఇక వడ్డె దాకా ఆగలేదు. తనే పట్టుకుంటానంది. మర్నాడు తెల్లవారుతుండగా నన్ను లేపి, స్నానాల తడిక లోపల తన పక్కన కూర్చోబెట్టుకుంది. సాక్ష్యానికి ఇంకో జత కళ్ళు కావాలిగా. మంచు పడుతోంది. నాయనమ్మ దుప్పటికి పొగాకు వాసన. నాకు తుమ్ము వచ్చి ముక్కు నొక్కుకున్నాను.

పెరటి దారికి అడ్డం కట్టిన తడిక కదిలింది. ఆమే. వీపున పసిది. అటూ ఇటూ చూడకుండా నేరుగా పాదు దగ్గరికి వచ్చి గొంతుక్కూర్చుంది. ముందు కొంగు విప్పి అడ్డాకులో నూకలు పోసింది, పసుపు చల్లింది. అప్పుడు కర్రతో మట్టి గుల్ల చేసి దుంప లాగింది. చివర ఆకులున్న మొలకను కొడవలితో కోసి, వెనకభాగం తాను ఉంచుకుని, మొలకను మళ్ళీ అదే గుంతలో నిలబెట్టింది. పాదు ఎందుకు తగ్గలేదో నాకు అప్పుడు తెలిసింది. తర్వాత చేతిలో దుంపనూ, ఆకులో నూకలనూ పక్కపక్కన పెట్టి చూసుకుంది. కొంగులోంచి ఇంకో చిటికెడు తీసి కలిపింది. మా కొట్టులో నాన్న కూడా అంత జాగ్రత్తగా తూచడం నేను చూడలేదు.

నాయనమ్మ అది చూడలేదు. ఆమె చూసింది పసుపు ఒక్కటే. తడిక తోసుకుని లేచింది.

"దొరికినవే! చెప్పు, నా మనవడి నోరెందుకు కట్టినవ్? చెప్పు!"

ఆమె ఉలిక్కిపడింది. నాయనమ్మ కేకలకు పసిది లేచి ఏడుపు అందుకుంది. ఆమె ఒక చేత్తో దాన్ని తడుతూ, రెండో చేతిలో ఉన్న దుంపను కాసేపు చూసింది. ఆ చూపు నాకు ఇప్పటికీ గుర్తుంది. సంతలో పగిలిన కుండను చూసుకునేవాళ్ళు అలా చూస్తారు. దుంపను మళ్ళీ గుంతలో పెట్టి మట్టి కప్పింది. తర్వాత ఆకులోని నూకలు తన కొంగులోకి వంచుకుంది. నేల మీద ఒలికిన గింజలను కూడా వేళ్ళతో ఏరుకుంది. కొంగు ముడి వేసుకుని, ఒక్క మాట లేకుండా వెళ్ళిపోయింది.

నాయనమ్మ కేక మధ్యలోనే ఆగింది. ఆమె షావుకారి భార్య, షావుకారి తల్లి. జీవితమంతా బేరాలు కుదరడమూ చూసింది, చెడడమూ చూసింది. సరుకు వెనక్కి పెట్టి, దాని వెల వెనక్కి తీసుకుపోవడం అంటే ఏమిటో ఆమెకు ఒకరు చెప్పక్కర్లేదు. మంత్రం వేసినవాళ్ళు నూకలు ఏరుకుపోరు.

పాదు దగ్గర కూలబడింది. "కొన్నదే" అంది మెల్లగా. "ఇన్నాళ్ళూ కొంటున్నరు. నేను వాగుల పారబోసిన."

మిగతాది నాన్న ఆ రోజే కనుక్కున్నాడు. పొగాకు కోసం వచ్చిన ఒక ముసలాయన, తన ఇంటి జబ్బు కాదు గనక, ధైర్యంగా చెప్పాడు. మందువేరును అడిగి తీసుకోకూడదు. తవ్వేటప్పుడు మాట్లాడకూడదు. ఎవరి కోసమో చెప్పకూడదు. వేరుకు తిండి పెట్టి తీసుకోవాలి. పాదు ఉన్న ఇంటివాళ్ళకు మెలకువ వచ్చినా లోపలే ఉండాలి. మాట పడితే వేరులో బలం పోతుంది.

"మీ ఇంటోళ్ళకు తెలుసనుకున్నం సావుకారీ. ఇన్నేండ్లూ ఎవరూ బయటికి రాలే గద" అన్నాడాయన. పెట్టిన గింజలను అన్నాళ్ళూ మేం చూసేలోపే పిట్టలు ఏరుకుపోయినట్టున్నాయి.

పసిదాని ఏడుపు ఆ రోజంతా కంచె మీదుగా వినిపించింది. కడుపునొప్పి ఏడుపు, సన్నగా, ఆగి ఆగి. అమ్మ వస అరగదీసి ఇచ్చి వస్తానంది. నాయనమ్మ వద్దంది. "చేత్తో ఇస్తే వాళ్ళకు పనిచెయ్యదు. పనిచెయ్యదనుకున్నది పనిచెయ్యదు." ఇంట్లో అటూ ఇటూ తిరిగింది. కంచెలో కంప తనే లాగి పారేసింది. చేతులు గీసుకుపోయాయి. సాయంత్రం పెరటి తడిక కట్లు విప్పేసి, వసకు తనే నీళ్ళు పోసి వచ్చింది.

మర్నాడు తెల్లవారకముందే మమ్మల్నందరినీ మధ్యగదిలో కూర్చోబెట్టింది. నాన్నకు దగ్గు వస్తే నోటికి తువ్వాలు అడ్డం పెట్టింది. తమ్ముణ్ణి ఒళ్ళో పెట్టుకుని, వాడు ఎలాగూ మాట్లాడడని మరిచిపోయి, వాడి నోరు కూడా మూసింది. నాకు నవ్వొచ్చింది. నవ్వితే తంతారని తెలుసు.

చాలాసేపు ఏ చప్పుడూ లేదు. ఆమె రాదని నాకు అనిపించింది. నిన్న అంతమాట పడ్డాక ఎవరొస్తారు? నాయనమ్మ పెదవులు కదులుతున్నాయి. దేవుణ్ణి అడుగుతోందో, అనుమానిస్తోందో తెలియదు.

అప్పుడు తడిక కిర్రుమంది.

వెలుగు బాగా వచ్చాకే బయటికి వెళ్ళాం. మొలక నిలబెట్టి ఉంది. మట్టి అదిమి ఉంది. అడ్డాకులో నూకలున్నాయి, దోసిలి నిండా. గుంత చిన్నదే. నేను నోరు తెరిచేలోపే నాయనమ్మ అంది.

"ఎక్కువ పెట్టింది."

"ఎందుకు నాయనమ్మా?"

"మనల్ని నమ్మలే."

ఆ మాట అన్నప్పుడు నాయనమ్మ మొహం నేను అంతకుముందు చూడలేదు. ఇన్నాళ్ళూ అందరినీ అనుమానించిన మనిషిని, మొదటిసారి ఎవరో అనుమానించారు. తర్వాతి సంతరోజు ఆమె విస్తళ్ళు తెస్తే నాయనమ్మ నాన్నను లేపి తక్కెడ దగ్గర తనే కూర్చుంది. ఉప్పు పోసింది. తట్ట కిందికి దిగాక కూడా పోసింది. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. పసిది ఆమె వీపున నిద్రపోతోంది.

తమ్ముడికి వస మళ్ళీ మొదలుపెట్టారు. కంచె సందు కూడా మళ్ళీ తెరుచుకుంది కనుక ఏది పనిచేసిందో నేను చెప్పలేను. ఎండలు ముదిరిన రోజుల్లో ఒక మధ్యాహ్నం వాడు నాయనమ్మ కొంగు లాగి, కుండ వైపు వేలు చూపించి, "ఏర్" అన్నాడు. కంచె అవతల నీళ్ళను అలాగే అంటారు. నాయనమ్మ వాణ్ణి ఎత్తుకుని ఇల్లంతా తిరిగింది. నీళ్ళు తాగించి, ముద్దులు పెట్టి, కళ్ళు తుడుచుకుని, అప్పుడు గుర్తొచ్చినట్టు ఆగింది.

"వస మనది, మాట వాళ్ళదానా!" అంది. ఆ మాట విని కంచె అవతలి నుంచి ఒక నవ్వు వినిపించింది. ఆమె నవ్వు నేను విన్నది అదొక్కసారే.

తర్వాత అడవిలో తుపాకుల పోరు మొదలై ఆ దారులు మూసుకుపోయాయి. సంత ఆగింది. మేం బయలుదేరిన రోజు నాయనమ్మ తడిగుడ్డలో వస మొలకలు చుట్టుకుని ఒళ్ళో పెట్టుకుంది. పాదును మాత్రం పెరట్లో అలాగే వదిలింది. పెరటి తడిక కట్టకుండా వచ్చింది. కంచె అవతలివాళ్ళు ఏ వైపు పోయారో ఎవరూ చెప్పలేదు. చెప్పినవాళ్ళ మాటలు ఒకదానితో ఒకటి కలవలేదు.

ఆ మొలకల సంతానమే ఈ తొట్టిలోది.

నిన్న సాయంత్రం నీళ్ళు పోస్తూ మళ్ళీ ఒంగి చూశాను. మొక్క ఒరిగిందనుకున్నాను గాని, అది పాత మొక్క కాదు. వెనకభాగం కోసేసి, మళ్ళీ నిలబెట్టిన మొలక. కాస్త వంకరగా పెట్టారు, చీకట్లో తొందరపడి ఉంటారు. మా ఆడపడుచుకు అలా నిలబెట్టడం రాదు. తొట్టి వెనుక గోడ వారగా చీమలబారు పోతోంది. ఒక్కో చీమ నెత్తిన తెల్లటి ముక్క. బారును పట్టుకుని పోతే తొట్టి అంచు కింద, ఎండిన ఆకు చాటున, చీమలు వదిలేసిన నాలుగు నూకలు, వాటికి అంటిన పసుపు.

మేడ మీది అమ్మాయిది మా పాత అడవి పక్కనే ఉన్న బాసగూడ వైపని అద్దెకు వచ్చిన రోజే చెప్పారు. నేనే సరిగా వినలేదు. రాత్రి ఆ చంటిపిల్ల ఏడుపు వినిపించింది, సన్నగా, ఆగి ఆగి.

"రేపు పొద్దున వెలుగొచ్చేదాక ఎవరూ కుళాయి దగ్గరికి పోకండ్రి" అని ఇంట్లో చెప్పాను.

"ఎందుకు?" అన్నాడు మా ఆయన.

"చెప్తే పోతది" అన్నాను.